మాస్టారి కుడికాలు

మా ఇంట్లో ఇద్దరు పెద్ద డాక్టర్లున్నారు. ఒకరు నా మొగుడు, ఇంకొకడు నా తమ్ముడు. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేస్తారు, ఒకే క్యాంటీనులో కాఫీ తాగుతారు, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని నేను వండింది తింటారు. మాట్లాడుకోవడం మాత్రం నా నోటితోనే.

“అక్కా, ఉప్పు ఇటు జరపమని మీ ఆయనకి చెప్పు” అంటాడు తమ్ముడు. ఉప్పు గిన్నె ఆయన మోచేతి పక్కనే ఉంటుంది.

“కూరలో ఉప్పు సరిపోయిందని మీ తమ్ముడికి చెప్పు” అంటారు ఆయన.

వంటగదిలో ఉన్న నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిక్షేపంలాంటి చెవులున్న ఇద్దరు మగాళ్ళకి, వాళ్ళు అప్పటికే విన్న మాటను మళ్ళీ వినిపించాలి. నేనూ అదే ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. జనానికి మత్తివ్వడం నా ఉద్యోగం, వీళ్ళ కబుర్లు మొయ్యడం నా ఖర్మ.

ఈ వైభోగం తమ్ముడికి ప్రమోషన్ వచ్చిన రోజున మొదలైంది. ఆసుపత్రి వాళ్ళు విందు ఇచ్చారు. మా ఆయన మైకు తీసుకుని, “మా బావమరిది మంచి గొట్టాల మేస్త్రి. ఎక్కడ లీకైనా ఇట్టే పూడ్చేస్తాడు” అన్నారు. అందరూ నవ్వారు. అది పొగడ్తేనని ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. తమ్ముడు మైకు లాక్కుని, “మా బావ దగ్గర తాళంచెవి లేదు పాపం. అందుకే ఏ ఇంటికెళ్ళినా తలుపు పగలగొట్టుకునే వెళ్తాడు” అన్నాడు. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వినవాళ్ళంతా భోంచేసి, చేతులు కడుక్కుని, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. అప్పట్నుంచీ అడకత్తెరలో పోకచెక్కలా మధ్యన మిగిలింది నేను.

మా ఆయన ఛాతీ సర్జన్లకి పెద్ద. ఎముక కోసి, ఛాతీ తెరిచి, కళ్ళారా చూసి కుట్టిందే వైద్యం అంటారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. తమ్ముడిది క్యాథ్‌ల్యాబ్. తొడ దగ్గర సూది గుచ్చి, రక్తనాళంలోంచి తీగ పంపి, టీవీలో చూసుకుంటూ లోపలి చిల్లుకి స్టెంటు వేసి మూసేస్తాడు. కోత కోసేవాళ్ళంటే వాడికి చిన్నచూపు. ఇద్దరి విభాగాలకీ మధ్య ఒక వరండా, ఆ వరండాకి అడ్డంగా నేలమీద ఒక ఎర్రగీత ఉన్నాయి. గీత దాటితే ఇటు చెప్పులు విప్పి అటు చెప్పులు వేసుకోవాలి. రోగుల కోసం అందరూ దాటతారు. మా ఆయన మాత్రం దాటరు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా ఆయన ఎడమచేతి చూపుడువేలు చివర వంకర. మా పెళ్ళైన రోజున కారెక్కుతుంటే తలుపు ఆ వేలి మీద ధడాల్న వేసింది మా తమ్ముడే. అప్పటికి వాడు నిక్కరు వేసుకునే వయసు. పట్టీ కట్టించుకుంటే సరిపోయేది, కొత్త పెళ్ళికొడుకు కదా, బింకంకొద్దీ కట్టించుకోలేదు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ వేలితోనే పెద్ద సర్జనయ్యారు, అది వేరే విషయం. అయినా తమ్ముడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ వేలు పైకి లేస్తుంది.

ఇక మాస్టారి సంగతి. మాస్టారంటే డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే, నాక్కూడా. ఆయన కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. మనం ఎదుటి లారీని చూసేలోపే ఆయన కాలు దాన్ని తొక్కేస్తుంది. తర్వాత మెల్లగా, “అద్దం చూసుకోండి డాక్టరమ్మా” అంటారు. ఏనాడూ గొంతు పెంచరు. బస్సులో కూర్చున్నా ఆ కాలు ఊరుకోదట. ఇంట్లో పడకకుర్చీలో టీవీ చూస్తూ కూడా, తెరమీద కారొస్తే నేలని తొక్కుతారని ఆయన భార్య చెప్పి నవ్వేది.

ఆ మాస్టారికి న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయి. చాలాకాలం వెంటిలేటర్ మీద ఉన్నారు. నోట్లో గొట్టం ఎన్నాళ్ళని ఉంచుతాం, మా ఆయనే గొంతుకి ముందువైపు రంధ్రం చేసి అందులోంచి గొట్టం పెట్టారు. దాన్నే ట్రకియాస్టమీ అంటారు. ఊపిరి కుదుటపడింది, జ్వరం తగ్గింది, మనిషి కళ్ళు తెరిచారు. గొట్టం ఉన్నంతకాలం మాట మాత్రం రాదు. చేతులు ఎత్తడానికి సత్తువ లేదు. పెదాలు కదిపితే ఆయన భార్య చదివి మాకు చెప్పేది. ఒంట్లో మొదట ఓపిక వచ్చింది కుడికాలికి.

ఆ రోజు పొద్దున్నే సిస్టరు గొంతులో కఫం తీస్తుంటే సక్షన్ గొట్టంలో కొంచెం ఎర్రటి రక్తం వచ్చింది. గోరంతే. ఆగిపోయింది కూడా. మా ఆయన వచ్చి, వంగి చూసి, “గొట్టం లోపల గీరుకుంది. మెల్లగా తియ్యండి” అన్నారు.

అదే సమయానికి పక్క మంచం రోగిని చూడ్డానికి మా తమ్ముడు ఐసీయూకి వచ్చాడు. ఆ గొట్టం చూశాడు, వాడి మొహం మారింది. నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

“అక్కా, గొంతు ముందునుంచే కుడిచేతికీ తలకీ పోయే పెద్ద నాళం ఉంటుంది. గొట్టం లోపలినుంచి దాన్ని ఒరుసుకుంటోందేమో. ఇలా కొంచెం కనబడి ఆగుతుంది, తర్వాత ఒక్కసారే పగులుతుంది. వెంటనే సీటీ స్కాన్ తీయించమని మీ ఆయనకి చెప్పు.”

ఆయన అక్కడికి మూడు బారల దూరంలో ఉన్నారు. నేను ఆ మూడు బారలూ నడిచి, “ఏవండీ, సీటీ తీయిస్తే మంచిది, పెద్ద నాళం ఒరుసుకుంటోందేమో” అన్నాను.

“ఈ మాట నీదా, మీ తమ్ముడిదా?”

“మా తమ్ముడిదే.”

“అయితే అక్కర్లేదని చెప్పు. వాడికి ప్రతి చుక్కలోనూ ఒక స్టెంటు కనబడుతుంది.”

వెనక్కి నడిచి ఆ మాట అందించాను. తమ్ముడు భుజాలు ఎగరేసి, “సరే. చెప్పడం నా వంతు, చెప్పేశాను” అని కాఫీకి వెళ్ళిపోయాడు. ఆ మాటే మా ఆయన ముందుకొచ్చి వాడు అని ఉంటే ఏమయ్యేదో, దారినపోయే దానయ్య వచ్చి చెప్పినా ఆయన వినేవారేమో, ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడే మాస్టారి కుడికాలు కదిలింది. దుప్పటి కింద, మంచం చివరనున్న చెక్కని నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

“డాక్టరుగారూ, ఈయన బ్రేకు తొక్కుతున్నారండీ” అంది మాస్టారి భార్య. “ఎదర ఏదో కనబడితేనే ఇలా తొక్కుతారు. ఉత్తినే తొక్కరు.”

మా ఆయన ఆ కాలిని ముచ్చటగా చూశారు. “ఫిజియోథెరపీ బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా చూడండి” అన్నారు.

ఇంతలో డైరెక్టరుగారు రౌండ్సుకి వచ్చారు. ఆయన ఏ విభాగం డాక్టరో ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు, ఆయనక్కూడా. ఆసుపత్రి పత్రికకి మంచి ఫొటో దొరికితే చాలు. కాలు కదులుతోందని వినగానే దుప్పటి తీయించి, మా ఆయన్ని ఒకపక్కా నన్ను ఒకపక్కా నిలబెట్టి, సెల్‌ఫోనుతో ఆ కాలిని ఫొటో తీశారు. “కొంచెం గట్టిగా నొక్కండి మాస్టారూ” అన్నారు. మాస్టారు నిజంగానే గట్టిగా నొక్కారు. మొహంలో నవ్వు లేదు. ఫొటోలో మొహం పడలేదు కాబట్టి డైరెక్టరుగారికి ఇబ్బంది లేకపోయింది.

మధ్యాహ్నం మా ఆయన క్యాంటీనుకి రాలేదు. ఇంటినుంచి తెచ్చిన క్యారేజీ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, మాస్టారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. వెంటిలేటరుని చూస్తున్నట్టు నటిస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన వెంటిలేటరుని చూడ్డం నేనెరిగి అదే మొదలు.

“భోజనానికి రారా?”

“ఆకలి లేదు.”

“సీటీ తీయించెయ్యొచ్చుగా, మనసులో అంత పీకుతుంటే.”

“పీకడమేంటి. ఊరికే కూర్చున్నాను” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి మాట వినరు, వినకుండా ప్రశాంతంగా ఉండనూ లేరు. సీటీ గదికి ఫోను చెయ్యడానికి నాకు నోరుంది, చేతులున్నాయి. చేద్దామని ఫోను తీశాను కూడా.

ఆలోపే గొట్టం చుట్టూ రక్తం ఎగజిమ్మింది. పొద్దుటి గోరంత కాదు. దుప్పటి, గోడ, మా ఆయన చొక్కా, అన్నీ ఎర్రబడ్డాయి. మాస్టారి భార్య గోడకి ఆనుకుపోయింది. ఒక సిస్టరు ఆవిణ్ణి పొదివిపట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

ఆ తర్వాత జరిగిందంతా ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకుండా జరిగింది. గొట్టం చుట్టూ ఉండే బుడగలో గాలి ఎక్కించి నొక్కి చూశాను, రక్తం ఆగలేదు. మత్తు ఎక్కించి నోట్లోంచి కొత్త గొట్టం కిందిదాకా దింపాను, రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా. గొంతులో గొట్టం లాగేశాను. మా ఆయన ఆ రంధ్రంలోంచి ఎడమచేతి చూపుడువేలు లోపలికి దూర్చి, రొమ్ముఎముక వెనక ఆ నాళాన్ని వెతికి, ఎముకకేసి అదిమిపట్టారు. రక్తం ఆగింది. ఏ వేలునైతే నా తమ్ముడు తలుపులో నలిపాడో ఆ వేలే. దాని వంకర కొక్కెంలా సరిగ్గా కుదిరింది.

“థియేటరు సిద్ధం చెయ్యండి. ఛాతీ తెరుద్దాం” అన్నారు.

“తెరిచేదెవరు?” అన్నాను.

ఆయన నావైపు చూశారు. ఆ ఆపరేషన్ చెయ్యగలిగిన మనిషి ఆ పూట ఆసుపత్రిలో ఒక్కరే ఉన్నారు. ఆయన వేలు మాస్టారి మెడలో ఇరుక్కుని ఉంది. వేలు తీస్తే రోగి పోతాడు, తియ్యకపోతే కత్తి పట్టలేరు. పైగా గొంతులో రంధ్రం దగ్గర చీము పట్టి ఉంది, అలాంటి చోట ఛాతీ కోస్తే నూటికి ఎంతమంది బతుకుతారో మాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఆఖరికి, నేలని చూస్తూ, “మీ తమ్ముణ్ణి రమ్మను” అన్నారు.

ఫోను చేశాను. “మీ ఆయనే రమ్మన్నాడా?” అన్నాడు వాడు. ఏం సమాధానం చెప్పానో ఇక్కడ రాయలేను, అక్కలు తమ్ముళ్ళని అనగలిగినదే అన్నాను. అయినా వాడు ఆ ప్రశ్న పరిగెడుతూనే అడిగాడని తర్వాత తెలిసింది. వెనకాల వాడి చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మంచాన్ని తోసుకుంటూ బయల్దేరాం. లిఫ్టులో మంచం పడుతుంది, పక్కన మనిషి పట్టడు. మా ఆయన మంచమెక్కి మాస్టారి పక్కన మోకాళ్ళమీద కూర్చున్నారు, వేలు తియ్యకుండానే. ఎక్కుతుంటే చెప్పులు జారిపోయాయి. వరండాలో ఎర్రగీత దగ్గర క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్ నిలబడి ఉన్నాడు. అలవాటుకొద్దీ, “సార్, చెప్పులు మార్చుకోవాలి” అన్నాడు. తర్వాత ఆయన పాదాలు చూసి, “ఓహో, లేవా” అని పక్కకి తప్పుకున్నాడు. అలా మా ఆయన జన్మలో దాటనన్న గీతని, వట్టికాళ్ళతో, మంచమెక్కి, ఊరేగింపుగా దాటారు.

క్యాథ్‌ల్యాబ్‌లో ఎక్స్‌రే పడుతుంది కాబట్టి అందరూ సీసపు ఏప్రాన్లు కట్టుకోవాలి. ఆయనకి సరిపడేవన్నీ వాడుకలో ఉన్నాయి. మిగిలింది పిల్లల కేసుల్లో వాడేది, పసుపుపచ్చ బాతుపిల్లల బొమ్మలున్నది. టెక్నీషియన్ వెనకనుంచి దాన్ని ఆయనకి కట్టాడు. ఆయన ఏమీ అనలేదు. అనడానికి ఆయన దగ్గర అప్పుడు మిగిలింది ఒక్క వేలే, అదీ పనిలో ఉంది.

తమ్ముడు తొడ దగ్గర సూది గుచ్చాడు. తీగ పైకి వెళ్ళింది. టీవీ తెరమీద పక్కటెముకలు, వెన్నెముక, వాటి మధ్యన మా ఆయన వేలి ఎముకలు కనిపించాయి. చివరి కణుపు దగ్గర ఆ వంకర స్పష్టంగా కనబడుతోంది. తమ్ముడు ఒక్క క్షణం దాన్నే చూశాడు.

తీగ నాళంలోకి మలుపు తిరిగి, వేలి దగ్గర ఆగిపోయింది. వేలు అంత గట్టిగా నొక్కితే దారెక్కడుంటుంది.

“అక్కా, వేలు కొంచెం వదులు చెయ్యమని చెప్పు” అన్నాడు తమ్ముడు.

“ఏవండీ, వేలు కొంచెం వదులు చెయ్యమంటున్నాడు.”

“వదిలితే ఏమవుతుందో తెలుసా అని అడుగు.”

“ఒరేయ్, వదిలితే ఏమవుతుందో తెలుసా అంటున్నారు.”

“తెలుసని చెప్పు. తీగ దూరేంతవరకే అని చెప్పు.”

“తీగ దూరేంతవరకేనటండీ.”

“అంటే ఎంతసేపో సరిగ్గా చెప్పమను.”

నా ఒక చెయ్యి రక్తం సంచీ మీద ఉంది, ఇంకో చెయ్యి మందు సిరంజి మీద ఉంది, కళ్ళు మానిటరు మీద ఉన్నాయి. నేను ఒక్కో కబురు మోసినప్పుడల్లా మాస్టారి బీపీ ఒక్కో మెట్టు దిగుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అదిగో అక్కడ బల్లమీద పడుకుని ఉంది ఆ ఎలుక. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువొచ్చింది.

“నేను చెప్పను” అన్నాను.

ఇద్దరూ తలెత్తారు.

“ఇక ఒక్క మాట కూడా మొయ్యను. మీరిద్దరూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు. మాట్లాడుకుంటారో, ఈయన్ని చంపుకుంటారో మీ ఇష్టం. నా పని నేను చేసుకోవాలి.”

టెక్నీషియన్ గోడవైపు తిరిగాడు. మాస్కు వెనకనుంచి, చాలా చిన్నగా వినిపించింది.

“బావా.”

ఆ పిలుపు మా ఇంట్లో వినబడి ఎన్నేళ్ళైందో. మా ఆయన కళ్ళు పైకి లేచాయి.

“బావా, కొంచెం వదులు. నేనున్నానుగా.”

“వదిలితే పోతాడురా.”

“పోనివ్వను. నేను పట్టు అనగానే మళ్ళీ పట్టుకో. చాలు.”

మా ఆయన వేలు సడలించారు. గ్లౌజు చుట్టూ రక్తం ఉబికింది. నేను రక్తం సంచీని రెండు చేతులా పిండాను.

“పట్టు.”

“పట్టాను.”

ఆ సందులోనే తీగ దాటింది. దాని వెంట బట్టతొడుగున్న స్టెంటు, ముడుచుకుని, పెన్సిలంత సన్నగా పైకి వెళ్ళింది. తలకి పోయే కొమ్మ మూసుకుపోకుండా కొంచెం వెనక్కి, మళ్ళీ కొంచెం ముందుకి. “వదులు బావా.” “వదిలాను.” స్టెంటు విచ్చుకుంది. నాళం కనబడే రంగుమందు ఎక్కిస్తే తెరమీద నల్లటి గీత నున్నగా, తిన్నగా పోయింది. పక్కకి చుక్క కూడా రాలేదు.

“అయిపోయింది. వేలు తీసెయ్యి బావా.”

“తియ్యను.”

“లీకు లేదు. చూడు.”

“నీ టీవీలో లేదు. తీశాక వస్తే?”

“వస్తే మళ్ళీ పెట్టు. నీ వేలెక్కడికి పోతుంది.”

ఆయన తీశారు. ముగ్గురం ఆ రంధ్రాన్నే చూస్తూ నిలబడ్డాం. రక్తం రాలేదు. బీపీ మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది.

మాస్టారిని ఐసీయూకి పంపే ఏర్పాట్లలో నేనుండగా, మా ఆయన మూల స్టూలు మీద కూర్చున్నారు. వేలు కొంకర్లు పోయి తిన్నగా రావడం లేదు. తమ్ముడు వేడినీళ్ళలో తడిపిన తువ్వాలు తెచ్చి ఆ వేలికి చుట్టి నొక్కుతున్నాడు.

“ఆ రోజు కారు తలుపు... నేను చూసుకోలేదు బావా” అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదటిసారి.

“నాకు తెలుసు” అన్నారు ఆయన. “నువ్వు మీ అక్క చెయ్యి ఎక్కడ నలుగుతుందోనని దాన్నే చూస్తున్నావు. నేను నిన్ను చూస్తూనే ఉన్నాను.”

నేను వెనక్కి తిరిగి, అక్కర్లేని సిరంజిలన్నీ సర్దాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు.

బయట వరండాలో మాస్టారి భార్య నిలబడి ఉంది. మా ఆయన బాతుపిల్లల ఏప్రాన్‌తో, వట్టికాళ్ళతో, రక్తం మరకలతో బయటికొచ్చారు. ఆవిడ అవేవీ చూడలేదు. “ఆయన కాలు కదులుతోందాండీ?” అని అడిగింది.

“ఇప్పుడు మత్తులో ఉన్నారమ్మా. కదులుతుంది” అన్నారు ఆయన. ఆవిడ అక్కడే నేలమీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

మాస్టారు బతికారు. గొంతు చీముకి మందులు చాలాకాలం వాడాం, రంధ్రం మెల్లగా పూడింది, మాట బొంగురుగా తిరిగొచ్చింది. ఈలోగా డైరెక్టరుగారు ఊరుకుంటారా, హాల్లో అభినందన సభ పెట్టారు. వేదిక వెనక గోడంత బ్యానరు కట్టించారు. దాని మీద ఉన్నది ఆ పొద్దున తీసిన కాలి ఫొటో.

మా ఆయనకీ తమ్ముడికీ చెరో పూలగుత్తి ఇచ్చారు. ఇద్దరూ ఇప్పుడు నేరుగా మాట్లాడుకుంటున్నారు కదా, వేదికమీద నేరుగానే దెబ్బలాడుకున్నారు. “వేలు లేకపోతే తీగ ఏం చేసేది” అని ఈయన, “తీగ లేకపోతే వేలు ఇంకా అక్కడే ఉండేది” అని వాడు. వెనకటికి నేను మోసినప్పుడు తిట్లు వడగట్టి మాటలే అందించేదాన్ని. ఇప్పుడు వడపోత లేదు. జనం పగలబడి నవ్వారు.

చివర్లో చక్రాల కుర్చీలో మాస్టారిని తీసుకొచ్చి ఆయన చేతికి మైకు ఇచ్చారు.

“మీ అందరి వల్ల నాకు ప్రాణం నిలబడింది” అన్నారు మాస్టారు, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా. “చచ్చేదాకా మర్చిపోను. ఒక్క విషయం మాత్రం అర్థం కాలేదండీ. ఆ రోజు పొద్దున గొంతు లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు, వెచ్చగా కారుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. మాట రాదు కదా. అందుకని బ్రేకు తొక్కాను. మీరంతా చుట్టూ నిలబడే ఉన్నారు. ఇంకా గట్టిగా తొక్కమన్నారు, తొక్కాను.” ఆయన వెనక్కి తిరిగి బ్యానరు చూశారు. “బండి ఎవరూ ఆపలేదేంటండీ?”

మాస్టారు ఎంత చమత్కారంగా మాట్లాడారో అని డైరెక్టరుగారు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. ముగ్గురం మాత్రం కొట్టలేదు. మా ఆయన పూలగుత్తిని కుర్చీ కింద పెట్టేశారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మా ఆయన కారు నడుపుతున్నారు. నేను పక్కన, తమ్ముడు వెనక సీట్లో.

“నువ్వు చెప్పావు. నేను వినలేదు. తప్పు నాదే” అన్నారు మా ఆయన.

“నేనెక్కడ చెప్పాను, చెప్పించాను. నాలుగడుగులు వేసి నీ ఎదురుగా నిలబడి చెప్పాల్సింది. తప్పు నాది” అన్నాడు తమ్ముడు.

“విభాగానికి పెద్దని నేను. నాదే.”

“నాళం సంగతి తెలిసినవాణ్ణి నేను. నాది.”

“పెద్దంతరం చిన్నంతరం లేదురా నీకు? నాదంటుంటే.”

“తప్పు దగ్గర కూడా నువ్వే ముందుండాలా బావా?”

గొంతులు లేచాయి. మా ఆయన సగం వెనక్కి తిరిగి మరీ వాదిస్తున్నారు. ఎదురుగా రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా నా కుడికాలు లేచి, కారు నేలని ధన్ మని తొక్కింది.

మా ఆయన బ్రేకు వేశారు. కారు ఆగింది. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నన్ను చూశారు.

“ఏమైంది?” అన్నారు ఒకేసారి.

“ఏం లేదు” అన్నాను. “ఆగుతారో లేదో చూశాను.”